గుంట భూమి లేదు, జీవాలు పెంచాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

పాలమూరు_పిల్లోడు | నవంబర్ 9

అందరికీ నమస్కారం. మాది వనపర్తి జిల్లాలో చిన్న పల్లె. నా వయసు 31. తొమ్మిదేళ్ళు హైదరాబాద్‌లో గోదాములో పనిచేశాను. నాన్నకు ఒంట్లో బాగుండక మొన్న దసరాకు కుటుంబంతో సహా ఊరికి వచ్చేశాం. తిరిగి వెళ్ళే ఆలోచన లేదు.

మాకు గుంట భూమి కూడా లేదు. ఇల్లు, ఇంటి వెనక రెండు గుంటల పెరడు, ఒక నల్లా, అంతే. చేతిలో 2 లక్షల 40 వేలు ఉన్నాయి. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో పక్కింటివాళ్ళ మేకల వెంట తిరిగేవాణ్ణి. అప్పటి నుంచీ జీవాలంటే ప్రాణం. గొర్రెలా, మేకలా, గేదెలా అని ఇంట్లో రోజూ ఇదే మాట. యూట్యూబ్‌లో ఒకాయన 50 మేకలకు షెడ్డు వేస్తే ఏడాదిలో పెట్టుబడి తిరిగొస్తుందంటాడు. ఇంకొకాయన ఐదెకరాల గడ్డి లేకపోతే ఆ ఊసే వద్దంటాడు. చూసినకొద్దీ టెన్షన్ పెరుగుతోంది.

మేం గొల్లలమూ కాదు, కురుమలమూ కాదు. ఊళ్ళో మందలున్నాయి కానీ వాళ్ళు నన్ను కలుపుకుంటారో లేదో. భూమి లేకుండా మొదలుపెట్టినవాళ్ళు ఎవరైనా ఉంటే, మొదటి ఏడాది మీరేం చేశారో చెప్పండి.

మందకాపరి | నవంబర్ 9

తమ్ముడూ, మా తాత, మా నాయన, నేను, ముగ్గురం మంద వెంట తిరిగినవాళ్ళమే. మా తాతకు చనిపోయేనాటికి 180 గొర్రెలు ఉండేవి, భూమి మాత్రం ఎకరం లేదు. గొర్రెకు కావాల్సింది నీ భూమి కాదు, కోత అయిపోయిన పదిమంది చేలు. జొన్న కోసినాక ఒకరిది, వేరుశనగ పీకినాక ఒకరిది, వరి కోసినాక కాలువ కింద ఇంకొకరిది. అందుకే మా పాలమూరు మందలు సంక్రాంతి దాటాక కృష్ణ వైపు, నల్లగొండ వైపు పోతాయి.

పైగా రైతే మనకు డబ్బిస్తాడు. రాత్రికి చేలో వల కట్టి మందను ఆపితే పెంట, మూత్రం నేలలో పడతాయి. అంతకు మించిన ఎరువు లేదని ముసలి రైతులకు తెలుసు. మా చిన్నప్పుడు వడ్లు, జొన్నలు కొలిచేవాళ్ళు. ఇప్పుడు మందను బట్టి రాత్రికింత అని మాట్లాడుకుంటాం. వలస పోయినప్పుడు మా తిండి ఖర్చు, మందుల ఖర్చు దాంతోనే గడుస్తుంది.

నీకు నేను చెప్పేది ఒక్కటే. ముందు గొర్రెలు కొనకు. మీ ఊరి మందలో ఎవరికి మనిషి తక్కువ ఉన్నాడో కనుక్కో. ఈ రోజుల్లో పిల్లలు చదువులకు పోయి ప్రతి మందకూ మనిషి కరువే. నెలన్నర, రెండు నెలలు వాళ్ళ వెంట నడువు. జీతం అడగకు, పూట బువ్వ పెడితే చాలను. కులం గురించి భయపడుతున్నావు. గొర్రెల కాపరుల సొసైటీ సభ్యత్వం దగ్గర ఆ పట్టింపు ఉంది, మంద దగ్గర అంత లేదు. పొద్దున ఐదింటికి వచ్చి వల విప్పేవాణ్ణి ఎవరు వద్దంటారు?

ఆ తర్వాత ఎనిమిదో పదో గొర్రెలు కొని అదే మందలో కలుపు. నీ గొర్రెలకు మేపుకూలి ఇవ్వక్కర్లేదు, నీ రెక్కల కష్టమే కూలి.

గట్టుగడ్డి | నవంబర్ 10

బాబూ, నాది గుంటూరు వైపు. మాకు మూడు సెంట్ల ఇంటి స్థలం తప్ప ఏమీ లేదు. ఈ రోజుకి మూడు గేదెలు, ఒక పడ్డ ఉన్నాయి. మొదలుపెట్టింది మాత్రం ఒక్క పైసా పెట్టకుండా.

మా ఊరి మోతుబరి ఒకాయన తన ఆడదూడను నాకు పాలికి ఇచ్చాడు. తెలియని వాళ్ళ కోసం చెబుతున్నా. దూడ ఆయనది, మేత, చాకిరీ మనవి. పెరిగి, చూలు కట్టి, ఈనాక నలుగురిని పిలిచి వెల కడతారు. ఆ వెలలో సగం వాళ్ళది, సగం మనది. గేదె కావాలంటే ఆయన సగం ఆయనకిచ్చి మనం నిలుపుకోవచ్చు. నేను సంఘంలో స్త్రీనిధి అప్పు తీసుకుని ఆయన సగం ఇచ్చేసి గేదెను నిలుపుకున్నా. రెండున్నర ఏళ్ళు పట్టింది. ఆ రెండున్నర ఏళ్ళలో నేను నేర్చుకున్నదానికి ఫీజు కట్టాలంటే ఎంత కట్టాలి?

మేత సంగతి. పొద్దున కూలికి పోయేటప్పుడు కొడవలి, గోతాం పట్టుకుని పోతా. వచ్చేటప్పుడు పొలం గట్ల మీద గడ్డి కోసుకొస్తా. కలుపు తీసిన చేలో గడ్డి రైతు ఎటూ బయట పారేస్తాడు, అడిగితే కాదనరు. ఒకటే జాగ్రత్త, మందు కొట్టి ఎన్ని రోజులైందో అడక్కుండా ఎవరి గట్టు మీదా కొడవలి పెట్టను. కోతల్లో కూలికి బదులు వరిగడ్డి మాట్లాడుకుంటా. మిషన్ కోత గడ్డి కట్టలు కొనాల్సి వస్తే సంక్రాంతి లోపే కొంటా, ఎండలు ముదిరితే రేటు చేతికి అందదు.

గేదెను కొనేటప్పుడు మాత్రం మూడు పూటలు ఎదురుగా పాలు తీయించి చూడు. సంతకు తెచ్చేవాళ్ళు ముందు పూట పాలు పిండకుండా ఆపి పొదుగు నిండుగా చూపిస్తారు. ఒక్క పూట పాలు చూసి మా మరిది 70 వేలు పోశాడు. ఇంటికొచ్చాక సగమే ఇచ్చింది. ఇంకో మాట, రెండు గేదెలుంటే రెండూ ఒకేసారి ఈనకుండా ఐదారు నెలల తేడా ఉండేట్టు చూసుకో. లేకపోతే రెండూ ఒకేసారి వట్టిపోతాయి, ఆ నాలుగు నెలలు తౌడుకు కూడా అప్పు చేయాలి.

పాలమూరు_పిల్లోడు | నవంబర్ 10

మందకాపరి అన్నా, గట్టుగడ్డి అక్కా, మీ మాటలు మా ఆవిడకు చదివి వినిపించాను. పాలికి ఇచ్చే పద్ధతి మా దగ్గర కూడా ఉండేదని నాన్న చెప్పాడు, "పాలుకు ఇచ్చుడు" అంటారట. ఒక ప్రశ్న. మేకలకు షెడ్డు వేసి కట్టేసి మేపే పద్ధతి గురించి ఎవరూ మాట్లాడలేదు. పెరట్లో కాకపోయినా, మా ఊరి దగ్గర అరెకరం కౌలుకు ఇస్తానంటున్నారు.

రాళ్ళసీమ_రైతుబిడ్డ | నవంబర్ 11

దీనికి నేను జవాబు చెప్పాలి. 2021లో నేను చేసింది అదే.

నాకూ భూమి లేదు. మా ఊరాయన దగ్గర 60 సెంట్లు నోటిమాట మీద కౌలుకు తీసుకున్నాను. నేల మీద నుంచి నాలుగడుగుల ఎత్తులో చెక్కల ఫ్లోర్, పైన రేకులు, మొత్తం వెల్డింగ్. 5 లక్షల 60 వేలు అయింది. మేకలు అమ్మి, పుట్టిన పిల్లలను తామే తిరిగి కొంటామని చెప్పిన ఒక సంస్థ దగ్గర 60 మేకలు తీసుకున్నాను. వేరే రాష్ట్రం నుంచి లారీలో రెండు రోజులు ప్రయాణం చేసి వచ్చాయి. దిగిన ఐదో రోజు నుంచి ముక్కు కారడం, నోట్లో పుళ్ళు, పారుడు మొదలైంది. డాక్టర్ గారు చూసి పీపీఆర్ అన్నారు, మేకలకు, గొర్రెలకు వచ్చే అంటురోగం. 60లో మిగిలింది 23. ఆ సంస్థ ఫోను మూడో నెల నుంచి ఎత్తలేదు.

అది కూడా తట్టుకున్నాను. రెండో ఏడాది భూమి యజమాని స్థలం అమ్మేశాడు. కొన్నాయన రెండు నెలల్లో ఖాళీ చేయమన్నాడు. చేతిలో కాగితం లేదు, ఎవరిని అడగాలి? షెడ్డు కోసి అమ్మితే ఇనుము ధరకు 1 లక్షా 60 వేలు వచ్చింది. ఆ రోజు కట్టర్‌తో కోస్తుంటే మా అమ్మ అక్కడ నిలబడలేక ఇంటికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు మళ్ళీ పెంచుతున్నాను, 30 ఊరి మేకలు, ఒక మామిడి తోటలో. తోట ఆయనకు కలుపు ఖర్చు మిగులుతుంది, నాకు మేత, నీడ దొరుకుతాయి. చెట్లు చిన్నవైతే మాత్రం ఎవరూ మేకలను రానివ్వరు, ఆకు అందకుండా పైకి పెరిగిన తోటే కావాలి. మందు కొట్టే రోజుల్లో బయటే మేపుకోవాలి. ఈసారి కాగితం రాసుకున్నాం. ఏడాది దాటిన కౌలైతే రిజిస్ట్రేషన్ చేయించాలి. చాలామంది 11 నెలలకు రాసుకుని తిరగరాసుకుంటారు. కొట్టం మొత్తం బోల్టులతో బిగించాను, విప్పితే ఒక ట్రాక్టర్‌లో పడుతుంది. పరాయి భూమిలో విప్పి తీసుకుపోలేనిది ఏదీ కట్టకు తమ్ముడూ.

రిటైర్డ్_జేవీఓ | నవంబర్ 11

పశుసంవర్ధక శాఖలో 33 ఏళ్ళు పనిచేశాను. పై సోదరుడు చెప్పింది చదివి బాధ కలిగింది, ఎందుకంటే అది ఆగేదే. పీపీఆర్ టీకా ఒక్కసారి వేస్తే మూడేళ్ళు కాస్తుంది. కొత్తగా కొన్న ఏ జీవాన్నైనా మూడు వారాలు విడిగా ఉంచాలి. పెరడు ఉంది కదా బాబూ, నీ పెరటికి మొదటి ఉపయోగం అదే. కొన్న గొర్రెలను నేరుగా పక్కవాళ్ళ మందలో వదిలావంటే, వచ్చిన రోగం నీది, పోయే మంద వాళ్ళది. ఊళ్ళో మళ్ళీ నిన్ను ఎవరూ కలుపుకోరు.

కొత్తవాళ్ళను ఎక్కువగా దెబ్బతీసేది చిటుక రోగం. తొలకరి పడి లేత గడ్డి మొలవగానే వస్తుంది. రాత్రి బాగానే మేసి పడుకున్న పిల్ల తెల్లారేసరికి చచ్చి ఉంటుంది. మందలో బాగా బలిసిన పిల్లే ముందు పోతుంది, అందుకే ఎవరో దిష్టి పెట్టారనుకుంటారు. మే నెలలోనే టీకా వేయించాలి, మొదటిసారైతే రెండు మూడు వారాలకు రెండో డోసు. వానలకు ముందు నట్టల మందు తాగించాలి. తాగించాల్సిన రోజు కోసం క్యాలెండర్‌తో పాటు జీవం కన్ను కూడా చూడటం నేర్చుకో. కింది రెప్పను బొటనవేలితో కిందికి లాగితే లోపల ఎర్రగా ఉండాలి. పాలిపోయి తెల్లగా ఉంటే కడుపులో జలగల్లాంటి పురుగులు రక్తం తాగుతున్నాయని. ఈ పని అర నిమిషం.

లేత జొన్న పిలకల్లో విషం ఉంటుంది, నాము అంటాం. కోసిన చేలో మళ్ళీ చిగురించిన జొన్న మీదికి ఆకలితో ఉన్న మందను తోలకూడదు.

అవసరానికి 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది, రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. కానీ అంతకంటే ముందు మీ మండలం పశువైద్యశాలకు వెళ్ళి డాక్టర్ గారికి నీ ముఖం చూపించి రా. చేతిలో జబ్బు జీవం లేనప్పుడు వెళ్ళడం మంచిది, తీరిగ్గా మాట్లాడతారు.

కోళ్ళగంప | నవంబర్ 12

చిన్న మాట. పెరట్లో 25 కోళ్ళతో మొదలుపెట్టే దారి కూడా ఉంది. రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజ, గ్రామప్రియ పిల్లలు పెరటికి బాగుంటాయి. వనరాజ మాంసానికీ గుడ్లకూ, గ్రామప్రియ ముఖ్యంగా గుడ్లకు. మేం ఒక్క రోజు వయసున్న కోడిపిల్లలను తెచ్చి బల్బు కింద ఆరు వారాలు సాకి, కొక్కెర తెగులు టీకాలు వేసి ఊళ్ళో ఆడవాళ్ళకు అమ్ముతాం. ఆ ఆరు వారాలే కష్టం, అది మనం పడితే కొనేవాళ్ళు చాలామంది. దీంతో ఇల్లు గడవదు, గొర్రెలు చేతికొచ్చేదాకా ఉప్పూపప్పుకు సాయపడుతుంది.

సౌత్‌ల్యాండ్_పాడి | నవంబర్ 12

న్యూజిలాండ్ నుంచి రాస్తున్నాను. మాది పశ్చిమ గోదావరి, ఇక్కడ డెయిరీ ఫామ్‌లో పనికి వచ్చి ఆరేళ్ళు. గట్టుగడ్డి అక్క చెప్పిన పాలి పద్ధతి చదవగానే రాయాలనిపించింది. భూమి లేనివాళ్ళు పైకి రావడానికి ఇక్కడ తరతరాలుగా ఉన్న దారి కూడా వాటా పద్ధతే, షేర్‌మిల్కింగ్ అంటారు. భూమి, పాలు పితికే షెడ్డు ఒకరివి. ఆవులు, యంత్రాలు, చాకిరీ ఇంకొకరివి. పాల డబ్బు దాదాపు చెరిసగం. ముందు జీతానికి చేస్తారు, తర్వాత మంద మొత్తం చూసుకునే కాంట్రాక్టు, ఈలోగా తక్కువ ధరకు దూడలు కొని పెంచుకుంటారు, తర్వాత సొంత మందతో వాటాకు దిగుతారు. జూన్ 1న ఒప్పందాలు మారతాయి, ఆ రోజుల్లో రోడ్ల మీద ఆవులు, సామాను, పిల్లలతో కుటుంబాలు ఒక ఫామ్ నుంచి ఇంకో ఫామ్‌కు మారుతుంటాయి.

నేను చూసిన తేడా ఒక్కటే. ఇక్కడ ప్రతిదీ ముందే రాసుకుంటారు. మేత తక్కువైతే కొనేదెవరు, ఆవు చస్తే ఎవరి నష్టం, మధ్యలో మానుకుంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి. మన దగ్గర మంచితనం మీద నడిచేవి చెడినప్పుడు మనుషులే చెడిపోతున్నారు.

మందకాపరి | నవంబర్ 12

ఈ తమ్ముడు చెప్పింది నిజం. మా దగ్గర పాలుకు తెచ్చుకున్న జీవం చస్తే చెవి కోసి తెచ్చి యజమానికి చూపించేవాళ్ళం, అదే రుజువు. ఇప్పుడు చెవిపోగుకు 12 అంకెల నంబరు ఉంటుంది, ఫొటో తీసి వెంటనే పంపితే మాట రాదు. తల్లి గొర్రె ఎవరిది, పిల్లల్లో వాటా ఎలా, ఉన్ని, ఎరువు డబ్బు ఎవరికి, రోగంతో పోతే ఎలా, నిర్లక్ష్యంతో కుక్కలు చంపితే ఎలా, అన్నీ మొదటి రోజే పెద్దమనిషి ముందు అనుకోవాలి.

సంఘం_లెక్కలు | నవంబర్ 13

అప్పు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. మా మండలంలో సంఘాల లెక్కలు చూస్తాను. కిసాన్ క్రెడిట్ కార్డు అంటే పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాళ్ళకే అనుకుంటారు. 2019లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన మార్గదర్శకాల్లో పశుపోషణకు కూడా ఇవ్వాలని, కొట్టం అద్దెదైనా, కౌలుదైనా సరేనని స్పష్టంగా ఉంది. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల దాకా తాకట్టు అడగకూడదు. 7 శాతం వడ్డీ, సకాలంలో కడితే 3 శాతం తగ్గుతుంది. అయితే ఇది దాణాకు, మందులకు, కూలికి, అంటే నిర్వహణ ఖర్చులకు. జీవాలు కొనడానికి కాదు. చేతిలో జీవాలు ఉండి, చెవిపోగులు ఉండి, డాక్టర్ గారి కాగితం ఉంటే బ్యాంకులో మాట నిలబడుతుంది.

జాతీయ పశుధన మిషన్‌లో 50 శాతం సబ్సిడీ అని వీడియోలు చూసి ఉంటావు. గొర్రెలు, మేకల్లో అది 100 ఆడవి, 5 మగవి యూనిట్‌తో మొదలవుతుంది, ఆ యూనిట్‌కు సబ్సిడీ 10 లక్షల దాకా. కౌలు భూమి ఉన్నా అర్హతే, కానీ మిగతా సగం నువ్వో బ్యాంకో పెట్టాలి. ఐదు గొర్రెల ఈత కూడా చూడని మనిషి 105 గొర్రెల బాధ్యత తలకెత్తుకోవద్దని నా మనవి. మీ ఆవిడ సంఘంలో ఉంటే అక్కడ మొదలుపెట్టండి. ఇన్సూరెన్స్ మర్చిపోవద్దు, ఇప్పుడు ప్రీమియంలో రైతు వాటా 15 శాతమే.

పాలమూరు_పిల్లోడు | నవంబర్ 13

షెడ్డు ఆలోచన మానుకున్నాను. మా ఊళ్ళో ఒక కురుమ పెద్దాయన, ఇద్దరు అన్నదమ్ముల మంద, 140 గొర్రెలు. చిన్నాయనకు మోకాలు నొప్పి. రేపటి నుంచి పొద్దున వల దగ్గరికి రమ్మన్నారు.

మందకాపరి | నవంబర్ 13

సంతోషం. నడిచే రోజుల్లోనే పళ్ళు చూడటం నేర్చుకో. పాలపళ్ళుంటే ఏడాదిలోపు, రెండు పళ్ళు వేస్తే ఏడాదిన్నర దగ్గర, నాలుగు పళ్ళంటే రెండేళ్ళు. ఎనిమిదీ వచ్చి నోరు నిండితే నాలుగేళ్ళ దగ్గర. నువ్వు కొనాల్సింది రెండు, నాలుగు పళ్ళ గొర్రెను. పళ్ళు అరిగి సందులు పడినదాన్ని ఎంత చవకగా ఇచ్చినా ముట్టకు.

పెరడు ఖాళీగా ఉంచకు. మూడు నాలుగు నెలల నెల్లూరు పొట్టేలు పిల్లలను ఆరింటిని కొని పెరట్లో మేపు. బక్రీద్ నాటికి చేతికొస్తాయి. వాటికి రెండు గుంటలు చాలా ఎక్కువ.

పాలమూరు_పిల్లోడు | ఏప్రిల్ 12

ఐదు నెలల తర్వాత మళ్ళీ రాస్తున్నాను, మీకు చెప్పకుండా ఉండలేను.

నడిచింది 52 రోజులు. మొదటి వారం కాళ్ళు బొబ్బలెక్కాయి. మూడో వారంలో పెద్దాయన నన్ను ఒక గొర్రె దగ్గర కూర్చోబెట్టి, పిల్ల ముందరి కాలు ఒకటే బయటికి వచ్చి ఇరుక్కుంటే చేతికి నూనె రాసుకుని ఎలా సరిచేయాలో నా చేతే చేయించాడు. లోపల వేళ్ళకు రెండో కాలి గిట్ట తగిలింది, చిన్నగా, మెత్తగా. దాన్ని పట్టి ముందుకు తెచ్చాక పిల్ల జారి గడ్డి మీద పడింది. తల్లి నాకడం మొదలుపెట్టేదాకా నేను ఊపిరి తీసుకోలేదు.

జనవరిలో 9 గొర్రెలు కొన్నాను, ఒక్కోటి 11 నుంచి 12 వేల మధ్య. మూడు వారాలు పెరట్లోనే ఉంచి, టీకాలు వేయించి మందలో కలిపాం. అందులో ఏడు ఈనాయి, రెండిటికి పిల్లలు దక్కలేదు, ఒకటి చలికి, ఒకటి ఎందుకో తెలియదు. ఇప్పుడు ఐదు పిల్లలు దూకుతున్నాయి. కాలువ కిందికి వెళ్ళినప్పుడు మంద ఆపిన డబ్బులో పెద్దాయన నాకూ వాటా ఇచ్చాడు. నేను అడగలేదు.

పెరట్లో ఆరు పొట్టేళ్ళు. డిసెంబర్‌లో 13, 14 కిలోలున్నవి ఇప్పుడు 26 నుంచి 29 మధ్య ఉన్నాయి. వేరుశనగ కట్టె, అవిశ కొమ్మలు, పూటకు గుప్పెడు దాణా. ఒకసారి తొందరపడి మొక్కజొన్న నూక ఎక్కువ పెడితే ఒకటి పొట్ట ఉబ్బి రెండు రోజులు మేత ముట్టలేదు, డాక్టర్ గారే కాపాడారు. కిరాణా కొట్టాయన నాలుగు గొర్రెలు కొనిస్తాను, పాలుకు చూసుకో అన్నాడు. కాగితం రాసుకుందామన్నాను, సరేనన్నాడు.

ఇప్పుడు నా సందేహం. బక్రీద్‌కు ఇంకా నెలన్నర ఉంది. ఒక వ్యాపారి ఇంటికొచ్చి ఆరింటినీ కలిపి ఇప్పుడే అడుగుతున్నాడు. ఇవ్వాలా, ఆగాలా?

గట్టుగడ్డి | ఏప్రిల్ 12

చదువుతుంటే కళ్ళు చెమర్చాయి బాబూ. మీ ఆవిడ పేరు మీద ఒక పొదుపు పుస్తకం తెరిచి పొట్టేళ్ళ డబ్బు అందులోనే వెయ్యి, ఇంటి ఖర్చులో కలపొద్దు. తర్వాతి పిల్లలు అందులోంచే రావాలి.

రిటైర్డ్_జేవీఓ | ఏప్రిల్ 12

పిల్లలు పోయినందుకు కుంగిపోకు, మొదటి ఈతలో అది అందరికీ ఎదురయ్యేదే. చిటుక టీకా మే మొదటి వారంలో. పెద్దాయన మంద మొత్తానికి ఒకే రోజు వేయించండి.

మందకాపరి | ఏప్రిల్ 12

ఇప్పుడు ఇవ్వకు. ఇంటికొచ్చి గుత్తకు అడిగేవాడు సంత ధర చెప్పడు. శనివారం నేను పెబ్బేరు సంతకు వస్తున్నా. ఆరూ తేవద్దు, అన్నిటికంటే బరువున్న రెండింటినే తీసుకురా, మిగతావి పండగ ముందు వారానికి. అక్కడ తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరం చేస్తారు, నువ్వు చెయ్యి ఇవ్వకు, నా పక్కన నిలబడి చూడు. పొద్దున ఐదున్నరకు రోడ్డు మీద ఉంటాను. తోలుకొచ్చే ముందు నీళ్ళు బాగా తాగించు, కాళ్ళకు కట్టిన తాళ్ళు ఆటోలో బిగుసుకోకుండా చూసుకో, కింద గడ్డి పరుచు.